ఫ్లోరా అగ్రాన ఒక అతిథి
ఫ్రిట్యోఫ్ నాన్సెన్ జీవిత కథ

గోరంట్ల వంటి ఊరిలో కూర్చుండి ఉత్తర ధ్రువ ప్రాంతాన్ని గూర్చి వ్రాయబూనడం కొందరికి వింతగా తోచవచ్చు. చిత్రావతిలో ఏడాదికి ఎన్ని దినాలు నీరు పారుతుందో వ్రేళ్ళపై లెక్కించదగిన సీమ మాది. మంచు అన్నది మాకు సోడా అంగడిలోని ఐసుగడ్డగా తప్ప వేరు రూపంలో పరిచయం లేదు. అయినప్పటికీ ఈ సంచికకు ఒక మహనీయుని చరిత్ర వ్రాయాలని సంకల్పించినపుడు మా దృష్టి ఆ హిమసీమ వైపే మళ్ళింది. అందుకు కారణం భూగోళ పటంలో మా కంటబడిన ఒక పేరు.

ఆసియా, యూరపు ఖండాలకు ఉత్తరాన, ధ్రువానికి సమీపాన, ఫ్రాంజ్ జోసెఫ్ భూమి అనే ద్వీప సముదాయం ఉన్నది. అందులో దాదాపు 190 ద్వీపాలు. 1873లో ఆస్ట్రియా-హంగేరీ యాత్రికులు దానిని కనుగొని తమ చక్రవర్తి పేరు పెట్టారు. ఇప్పుడది రష్యా దేశానికి చెందినది. ఆ సముదాయపు దక్షిణపు అంచున నార్త్‌బ్రూక్ ద్వీపమని ఒకటి. దాని నైరుతి కొన సముద్రంలోకి చొచ్చుకొని వచ్చి ఫ్లోరా అగ్రమనే పేరు వహించింది. నల్లని కొండచరియ, ఆ చరియలో లక్షలాది సముద్ర పక్షుల గూళ్ళు. వాటి రెట్ట ఎరువై, కొండపాదాన పాచి, గడ్డి, చిన్న చిన్న పూలమొక్కలు మొలుస్తాయి. 80 డిగ్రీల అక్షాంశం దాపున పువ్వు పూయడమంటే సామాన్యం కాదు. 1880లో ఆ తీరాలను చూసిన లీ స్మిత్ అనే ఆంగ్లేయుడు అందుకే దానికి పుష్పదేవత పేరు పెట్టాడు.

ఇక ద్వీపం పేరు. నార్త్‌బ్రూక్ ప్రభువు ఆనాడు లండనులోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీకి అధ్యక్షులు. అంతకు ముందు, 1872 నుండి 1876 వరకు, మన దేశానికి వైస్రాయి. 1873-74లో బీహారులో కరువు వచ్చినపుడు బర్మా నుండి బియ్యం తెప్పించి, ఖర్చుకు వెనుదీయక ప్రజలను బ్రతికించారు. ప్రభుత్వ ధనాన్ని దుబారా చేశారని ఆయనకు దక్కిన నింద కూడా అంతే ఘనమైనది. ఆయన ఇంగ్లండుకు మరలిన సంవత్సరమే మన సీమను ధాత కరువు క్రమ్ముకొన్నది. బీహారులో ఆయన క్రింద పనిచేసి, అధిక వ్యయమని నిందలు పడిన రిచర్డ్ టెంపుల్ అనే అధికారియే ఈసారి మద్రాసు రాజధానికి వచ్చి, కరువు పనికి వచ్చిన కూలికి దినానికి ఒక పౌను ధాన్యం చాలునని కట్టడి చేశాడు. ఆనాడు మన అనంతపురం బళ్ళారి జిల్లాలో భాగం; 1882లో గాని వేరు జిల్లా కాలేదు. ఆ కరువు అత్యంత క్రూరంగా కాటు వేసిన చోట్లలో బళ్ళారి జిల్లా ఒకటి. 1876-78 సంవత్సరాలలో దేశంలో 50 లక్షలకు పైగా జనం మడిసిపోగా, ఓడలలో ధాన్యం విదేశాలకు పోతూనే ఉన్నది.

కరువును ఎదిరించిన ఒక పాలకుని పేరు ఎవరూ నివసించని ఒక మంచు దీవికి తగులుకొన్నది. ఆ దీవి కొననే, కొన్నేళ్ళ తరువాత, మరొక కరువును ఎదిరించబోయే మనిషి మసిబారిన ముఖంతో, చినిగిన బట్టలతో వచ్చి నిలబడ్డాడు. ఆయనే మా కథానాయకుడు.

ఫ్రిట్యోఫ్ నాన్సెన్ 1861 అక్టోబరు 10వ తేదీన నార్వే రాజధాని క్రిస్టియానియా సమీపంలో జన్మించారు. ఆ నగరమే నేటి ఓస్లో. తండ్రి న్యాయవాది, నిష్ఠాపరుడు. తల్లి ఆరుబయలు ఆటలంటే మక్కువ గల స్త్రీ. బాలుడు పసితనం నుండే అడవులలో రోజుల తరబడి ఒంటరిగా తిరగడం, కాళ్ళకు స్కీ కట్టెలు కట్టుకొని మంచుపై జారడం అలవరచుకొన్నాడు. విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రం అభ్యసించారు. 1882లో సీలు జంతువులను వేటాడే ఓడ ఒకదానిపై ఉత్తర సముద్రాలకు వెళ్ళి, తొలిసారి గ్రీన్లాండు తీరాన్ని దూరం నుండి చూశారు. ఆ తరువాత బెర్గెన్ నగరంలోని మ్యూజియంలో ఉద్యోగం. అక్కడ సూక్ష్మదర్శిని ముందు కూర్చుండి హీన జీవుల నరాల నిర్మాణంపై ఆయన చేసిన పరిశోధన డాక్టరేటు తెచ్చిపెట్టింది. మన విద్యార్థులు గమనించవలసిన విషయమిది: సాహసికుడని లోకం పొగడిన ఈయన మొదట ప్రయోగశాలలో కనులు చెడగొట్టుకొన్న మనిషి.

1888లో డాక్టరేటు పరీక్ష ముగిసీ ముగియకముందే ఆయన గ్రీన్లాండును అడ్డంగా దాటడానికి బయలుదేరారు. అంతవరకు ఎవరూ దాటలేదు. ముందు వారందరూ జనం గల పడమటి తీరం నుండి బయలుదేరి, కష్టం కలిగితే వెనుదిరిగి వచ్చేవారు. నాన్సెన్ తలక్రిందులుగా ఆలోచించారు. నిర్జనమైన తూర్పు తీరాన దిగితే వెనుకకు పోవడానికి ఏమీ ఉండదు; బ్రతకాలంటే ముందుకే నడవాలి. ఆరుగురు మనుషులు, అందులో ఇద్దరు సామీ జాతివారు, ఆ మంచు పీఠభూమిని దాటారు. నాన్సెన్ అక్టోబరు 3న పడమటి తీరంలోని గోట్‌హోబ్ చేరారు. ఆ ఏటికి చివరి ఓడ అప్పటికే వెళ్ళిపోయింది. చలికాలమంతా అక్కడి ఎస్కిమోల నడుమ గడిపి, వారి తోలు పడవ నడపడం, వారి వేట, వారి తిండి నేర్చుకొని, 1889 వేసవిలో స్వదేశం చేరారు. అదే ఏట ఈవా సార్స్ అనే గాయనిని వివాహమాడారు.

ఇక ఆయనకు అమర కీర్తి తెచ్చిన యాత్ర. 1881లో జెనెట్ అనే అమెరికా ఓడ సైబీరియా ఉత్తరాన మంచులో చిక్కి నలిగి మునిగిపోయింది. మూడేళ్ళ తరువాత దాని సామానులు కొన్ని గ్రీన్లాండు నైరుతి తీరాన మంచుగడ్డలపై దొరికాయి. మధ్యలో ధ్రువ సముద్రమంతా ఉన్నది. అంటే ఆ మంచు నిలిచి ఉండేది కాదు, తూర్పు నుండి పడమరకు మెల్లగా సాగిపోతున్నదని భావించిన వారున్నారు. నాన్సెన్ ఒక అడుగు ముందుకు వేశారు. మంచుతో పోరాడి ఓడలు నాశనమైనాయి గదా, మంచుకే లొంగిపోయి దానితో పాటు పోతే ఎట్లుండును? అనుభవజ్ఞులైన నావికులు పలువురు ఇది వెర్రి తలంపని పెదవి విరిచారు. ఆయన మాత్రం కాలిన్ ఆర్చర్ అనే ఓడల శిల్పి చేత గుండ్రని పొట్ట గల ఓడను కట్టించారు. మంచు నొక్కినపుడు నలగక, నిమ్మగింజ వ్రేళ్ళ నడుమ నుండి జారినట్లు పైకి లేవడం దాని రహస్యం. ఓడ గోడ మందమే రెండడుగులు. దాని పేరు ఫ్రామ్. నార్వే భాషలో ముందుకు అని అర్థం.

1893 జూన్ 24న 12 మంది సహచరులతో ఆయన బయలుదేరారు. సెప్టెంబరు 10న యూరేషియా ప్రధాన భూభాగానికి ఉత్తరపు కొసయైన చెల్యూస్కిన్ అగ్రాన్ని దాటారు. ఆ నెలలోనే ఫ్రామ్ మంచులో గట్టిగా చిక్కుకొన్నది. గాలిమర త్రిప్పి విద్యుద్దీపాలు వెలిగించుకొని, సముద్రపు లోతులు, ఉష్ణోగ్రతలు కొలుస్తూ వారు కాలం గడిపారు. ధ్రువ సముద్రం లోతులేని మడుగని అంతవరకు ఉన్న నమ్మకం ఆ కొలతలతో పటాపంచలైనది. గాలి వీచిన దిక్కుకు గాక దానికి కొంత కుడివైపుగా మంచు సాగుతున్నదని నాన్సెన్ గుర్తించారు. తరువాత ఎక్‌మన్ అనే స్వీడన్ శాస్త్రజ్ఞుడు భూభ్రమణమే దీనికి కారణమని గణితంతో నిరూపించాడు.

ఓడ కదలిక ధ్రువానికి దూరంగానే పోతున్నదని గ్రహించిన నాన్సెన్, 1895 మార్చి 14న యాల్మార్ జొహాన్సెన్ అనే సహచరునితో, 28 కుక్కలతో, మూడు స్లెడ్జి బండ్లతో, రెండు తోలు పడవలతో ఓడను వదిలి ధ్రువం వైపు నడిచారు. కదిలే మంచుపై ఓడను తిరిగి కనుగొనడం అసాధ్యం. ఈసారి కూడా వెనుకకు దారి లేదు. ఏప్రిల్ 8 నాటికి 86 డిగ్రీల 14 నిమిషాల దాపుకు చేరారు. అంతవరకు మానవుడు చేరని ఉత్తర సీమ అది. అయితే మంచు దిబ్బలు దున్నిన చేను వలె అడ్డుపడుతుండగా, తిండి తరుగుతుండగా, అక్కడ ఆగి వెనుదిరిగారు. ధ్రువం ఇంకా 400 కిలోమీటర్ల దూరాన ఉన్నది. ఆశపడిన దానిని వదలుకొని తిరగడం ముందుకు పోవడం కన్న కష్టమని మా అభిప్రాయం; అందుకే నాన్సెన్ చేసిన పనులలో దీనిని మేము తక్కువగా ఎంచము.

తిరుగు ప్రయాణం ఐదు నెలలు సాగింది. ఒకనాడు ఇద్దరూ అలసటతో గడియారాలకు కీ ఇవ్వడం మరచారు. అవి ఆగిపోయాయి. కాలం తెలియనిదే రేఖాంశం తెలియదు. తామెక్కడ ఉన్నామో సరిగా లెక్కించే ఆధారం పోయింది. కుక్కలను ఒక్కొక్కటిగా చంపి మిగిలిన వాటికి ఆహారంగా వేయవలసి వచ్చింది. చివరకు రెండు మిగిలాయి. పడవలలో వాటికి చోటు లేదు. తన కుక్కను తాను చంపలేక, ఒకరి కుక్కను మరొకరు తుపాకితో కాల్చారు. ఈ ఘట్టం చదివినపుడు మా గుండె చివుక్కుమన్నది. సంతలో ఎద్దును అమ్మి తిరిగి చూడకుండా వచ్చే కరువునాటి రైతు మాకు గుర్తుకు వచ్చాడు.

ఆగస్టు చివర శీతకాలం ముంచుకొని రాగా వారు ఒక నిర్జన ద్వీపంలో నిలిచిపోయారు. వాల్రస్ దంతం గునపంగా, దాని భుజపుటెముక పారగా చేసుకొని నేలను మూడడుగులు త్రవ్వారు. చుట్టూ రాళ్ళు పేర్చి, కొట్టుకొని వచ్చిన ఒక మాను దూలంగా వేసి, వాల్రస్ తోళ్ళు కప్పారు. పొడవు 10 అడుగులు, వెడల్పు 6 అడుగులు. అందులో దాదాపు ఎనిమిది నెలలు! ఎలుగుబంటి మాంసమే ఉదయం, ఎలుగుబంటి మాంసమే సాయంత్రం. వాల్రస్ కొవ్వే దీపం, అదే వంటచెరకు. దినానికి ఇరవై గంటలు కూడా నిద్రపోయిన సందర్భాలున్నాయి. చదవడానికి నావికా పంచాంగం తప్ప మరేమీ లేదు. దానినే మరల మరల చదివారు. క్రిస్మస్ పండుగకు క్రొత్త బట్టలెక్కడివి? లోపలి చొక్కాను పైకి, పై చొక్కాను లోపలికి మార్చి తొడుక్కోవడమే పండుగ.

ఇంకొక ముచ్చట ఉన్నది. నార్వే భాషలో మన మీరు, నువ్వుల వలె, ఉర్దూ మిత్రుల ఆప్, తుమ్ వలె, గౌరవ సంబోధన వేరు, చనువు సంబోధన వేరు. ఒకే నిద్రసంచిలో పండుకొంటూ, ఒకే గిన్నెలో తింటూ, ఒకరి ప్రాణం ఒకరు కాపాడుకొంటూ వచ్చిన ఈ ఇద్దరూ అంతకాలం మీరు అనే పిలుచుకొన్నారు. ఆ గుడిసెలో సంవత్సరాంతపు రాత్రి గాని నువ్వు అనుకోవడానికి అంగీకరించలేదు. ఆ గాఢ స్నేహం కూడా ఇంటికి చేరిన తరువాత అట్లే నిలువలేదన్నది వేరు సంగతి. జొహాన్సెన్ తరువాతి జీవితం విషాదమయం. 1913లో ఆత్మహత్య చేసుకొన్నాడు. లోకం నాన్సెన్‌కు పట్టిన బ్రహ్మరథంలో అతనికి చాలినంత చోటు దొరకలేదని మాకనిపిస్తుంది.

1896 మే 19న వారు గుడిసె విడిచి దక్షిణానికి కదిలారు. జూన్ 12న ఒడ్డు నుండి పరిసరాలు చూస్తుండగా, కట్టివేసిన పడవలు తాడు తెగి నీటిలో కొట్టుకొనిపోసాగాయి. తుపాకులు, తిండి, బట్టలు, సర్వస్వమూ వాటిలోనే. నాన్సెన్ మంచునీటిలోకి దూకి ఈదారు. కాళ్ళు చేతులు కొయ్యబారుతున్నా, ఎట్లో పడవ అంచు పట్టుకొని ఎక్కి, రెండింటినీ ఒడ్డుకు చేర్చారు. అంతటితో కష్టాలు తీరలేదు. కొద్ది దినాలలోనే ఒక వాల్రస్ ఆయన పడవను పొడిచి చిల్లు చేసింది. దానిని బాగుచేసుకోవడానికి వారు ఒడ్డున ఆగిపోయారు.

ఆ ఆగడమే వారి అదృష్టం. జూన్ 17వ తేదీన ఉదయం నాన్సెన్ వంట చేయబూని, కొండచరియ పక్షుల కోలాహలం నడుమ కుక్క మొరిగిన ధ్వని విన్నారు. జొహాన్సెన్‌ను పడవల వద్ద ఉంచి ఆయన మంచు దిబ్బలపై పరుగు వంటి నడకతో సాగారు. ఎదురుగా ఒక మనిషి! శుభ్రంగా గడ్డం గీసుకొన్న, సబ్బు వాసన వేసే నాగరికుడు. ఈవల భుజాల దాకా జుట్టు, మసి, జిడ్డు, చీలికలైన బట్టలు. అతడు ఫ్రెడరిక్ జాక్సన్ అనే ఆంగ్లేయుడు. ఆ చోటు నార్త్‌బ్రూక్ ద్వీపంలోని ఫ్లోరా అగ్రం. 1894 నుండి అతడక్కడ కొయ్య ఇళ్ళు కట్టుకొని పరిశోధనలు చేస్తున్నాడు.

ఈ జాక్సన్ ఫ్రామ్ యాత్రలో తననూ చేర్చుకొమ్మని లోగడ నాన్సెన్‌కు దరఖాస్తు పెట్టినవాడు. నార్వే జాతీయులను తప్ప ఇతరులను తీసుకొనేది లేదని నాన్సెన్ నిరాకరించారు. అట్లు నిరాకరింపబడిన పరదేశియే ఇప్పుడు ఆయన చేయి పట్టుకొని ఇంటికి తీసుకొనిపోయి, స్నానం చేయించి, బట్టలిచ్చి, భోజనం పెట్టాడు. ఎన్నడైనా ఎదురుపడకపోడా అని నార్వే నుండి నాన్సెన్ ఇంటివారి ఉత్తరాలను కూడా తన వెంట తెచ్చి రెండేళ్ళుగా భద్రపరచి ఉంచాడు. ఉర్దూలో మెహమాన్‌నవాజీ అనే మాటకు ఇంతకన్న మంచి ఉదాహరణ మాకు తెలియదు. తూకం వేసి చూస్తే నాన్సెన్ 10 కిలోలు బరువు పెరిగి ఉన్నారు! ఎలుగుబంటి మాంసం మహిమ కాబోలు. ఓడ వచ్చేవరకు ఆయన ఊరకుండక అక్కడి వైద్యుడైన కోట్లిట్జ్‌తో కలిసి కొండ శిలలను, వాటిలోని శిలాజాలను పరీక్షించారు.

ఆగస్టు 13న విండ్‌వర్డ్ ఓడ వారిని నార్వేలోని వార్డో రేవుకు చేర్చింది. మూడేళ్ళ అనంతరం ఫ్రామ్ మంచు నుండి విడివడి స్పిట్స్‌బెర్గెన్ సమీపాన స్వేచ్ఛా జలాలలోకి వచ్చింది కూడా అదే దినం. వారమైన తరువాత త్రోమ్సో రేవులో 13 మందీ క్షేమంగా కలుసుకొన్నారు. ఒక్క ప్రాణమైనా పోలేదు.

ఫ్లోరా అగ్రం కథ ఇక్కడితో ముగియలేదు. సెయింట్ అన్నా అనే రష్యను ఓడ మంచులో చిక్కగా, 1914లో అల్బానొవ్ అనే నావికుడు కొందరిని వెంటబెట్టుకొని కాలినడకన బయలుదేరాడు. అతని వద్ద ఆ ప్రాంతపు పటమంటూ ఉన్నది నాన్సెన్ యాత్రాగ్రంథంలో నుండి తీసుకొన్నది మాత్రమే. ఫ్లోరా అగ్రాన ఇళ్ళున్నవని అతనికి తెలిసినది కూడా ఆ గ్రంథం వల్లనే. దారిలో సహచరులు ఒక్కొక్కరే పోగా, కొన్రాద్ అనే మరొకనితో మాత్రం అక్కడికి చేరాడు. జాక్సన్ నాటి ఇల్లు, తరువాతి యాత్రికులు వదలిన తిండి సామగ్రి వారిని బ్రతికించాయి. మరొక రష్యను ఓడ వచ్చి ఆ ఇద్దరినీ తీసుకొనిపోయింది. సెయింట్ అన్నా, అందులో మిగిలిన వారు తిరిగి కనబడలేదు.

మన కథానాయకుని జీవితంలో తరువాతి ఏళ్ళను వేగంగా దాటుతాము. ప్రొఫెసరు పదవి, సముద్ర శాస్త్రం, లోతునీటి నమూనాలు తీసే పరికరం, 1905లో నార్వే స్వీడన్ నుండి వేరుపడినపుడు రాయబారం, 1906 నుండి 1908 వరకు లండనులో మంత్రి పదవి. అక్కడ ఉన్నప్పుడే, 1907 డిసెంబరులో, ఈవా మరణించింది. దక్షిణ ధ్రువాన్ని చేరాలని తనకున్న కోరికను చంపుకొని ఫ్రామ్ ఓడను అముండ్సెన్‌కు ఇచ్చివేశారు. 1911లో అముండ్సెన్ ఆ ధ్రువాన్ని చేరాడు.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిసేసరికి నాన్సెన్‌కు దాదాపు అరవై ఏళ్ళు. ఇక విశ్రాంతి తీసుకోదగిన వయసు. కాని 1920లో నానాజాతి సమితి ఆయనకు ఒక పని అప్పగించింది. రష్యాలోను, మధ్య యూరపులోను చెరలో మ్రగ్గుతున్న యుద్ధ ఖైదీలను ఇళ్ళకు చేర్చాలి. డబ్బు లేదు, ఓడలు లేవు, రైళ్ళు లేవు. రెండేళ్ళలో ఆయన నాలుగు లక్షలకు పైగా మనుషులను వారి వారి దేశాలకు చేర్చారు.

అంతలో 1921 వేసవిలో వోల్గా నదీ తీరాన వానలు పడలేదు. అంతర్యుద్ధంతో, ప్రభుత్వం బలవంతంగా ధాన్యం తీసుకొనడంతో అప్పటికే గాదెలు ఖాళీ. జనం గడ్డి, చెట్టు బెరడు, మట్టి తిన్నారు. నాన్సెన్ సోవియట్ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకొని సమితి సభలో నిలబడి దేశాలను అప్పు అడిగారు. అమెరికాలో గోధుమలు కొనేవారు లేక పడి ఉన్నవనీ, అర్జెంటీనాలో మొక్కజొన్నను ఇంధనంగా కాలుస్తున్నారనీ, ఓడలు పనిలేక రేవులలో నిలిచి ఉన్నవనీ వివరించారు. ధాన్యం లేక కాదు, ఇచ్చే మనసు లేక మనుషులు చస్తున్నారన్నది ఆయన వాదసారం. సభ్య దేశాలు ఒప్పుకోలేదు. బోల్షివిక్కులకు బలం చేకూర్చినట్లగునని వారి భయం. ఆకలిగొన్న పిల్లవానిని నీ తండ్రిది ఏ పార్టీ అని అడిగినట్లున్నది ఈ తర్కం. ధాత కరువు నాటి సీమలో పుట్టిన మాకు అది క్రొత్తది కాదు.

ఆయన నిరాశపడి ఇంటికి పోలేదు. శీతకాలంలో స్వయంగా వోల్గా తీరానికి వెళ్ళి, శవాల కుప్పలను, ఎముకల గూళ్ళయిన పిల్లలను ఫొటోలు తీయించి, దేశదేశాల సభలలో చూపి విరాళాలు అర్థించారు. న్యాయంగా చెప్పవలసిన మాట ఒకటున్నది. ఆ కరువులో అధిక భాగం ఆహారాన్ని సమకూర్చినది హెర్బర్ట్ హూవర్ నడిపిన అమెరికా సహాయ సంస్థ. 1922లో అది దినానికి కోటి మందికి పైగా అన్నం పెట్టింది. నాన్సెన్ సంస్థ చేసినది దానికన్న చాల తక్కువ. సోవియట్ అధికారులను ఆయన అతిగా నమ్మారని ఆనాడే విమర్శ వచ్చింది. ఇంత చేసినా దాదాపు 50 లక్షల మంది చనిపోయారు. అయినా ప్రభుత్వాలన్నీ ముఖం త్రిప్పుకొన్న వేళ వారి తలుపులు తట్టి సిగ్గుపడేటట్లు చేసిన మనిషి ఒకడున్నాడన్నది చిన్న విషయం కాదు.

దీనితోపాటే మరొక సమస్య. విప్లవం వల్ల రష్యా విడిచి చెల్లాచెదరైన వారు పది లక్షలకు మించి ఉన్నారు. 1921 డిసెంబరులో సోవియట్ ప్రభుత్వం వారి పౌరసత్వాన్ని రద్దు చేసింది. కాగితం లేని మనిషికి సరిహద్దు దాటే హక్కు లేదు, పనిలో చేరే హక్కు లేదు. బెంగుళూరు వలస పోయిన మన పల్లెవారు రేషను కార్డు చేతలేక ఎన్ని ఆఫీసుల మెట్లెక్కి దిగుతారో ఎరిగిన వారికి ఈ బాధ వివరించ పనిలేదు. వారికైనా తమదని చెప్పుకోవడానికి ఒక దేశం ఉన్నది. ఈ శరణార్థులకు అదీ లేదు. సమితి పక్షాన శరణార్థుల హైకమిషనరుగా నాన్సెన్ 1922లో ఒక సనదును ఏర్పాటు చేయించారు. ఒక కాగితం, దానిపై ఒక ఫొటో. నాన్సెన్ పాస్‌పోర్టు అని దానికి పేరు వచ్చింది. క్రమంగా 50కి పైగా దేశాలు దానిని అంగీకరించాయి. దాదాపు నాలుగున్నర లక్షల మంది దానిని పొందారు. సంగీతకారుడు స్ట్రవిన్‌స్కీ, చిత్రకారుడు షగాల్ వంటి వారు కూడా అందులో ఉన్నారు.

నార్వే వానిని తప్ప ఓడ ఎక్కించనన్న ఆ యువకునికీ, ఏ దేశమూ లేని వానికి కాగితం ఇప్పించిన ఈ వృద్ధునికీ నడుమ ఫ్లోరా అగ్రం ఉన్నది. ఇది మా ఊహయే గాని, జాక్సన్ గడపలో నిలబడిన ఆ ఉదయాన్ని ఆయన మరచి ఉండరని మేము నమ్ముతున్నాము.

1922లో ఆయనకు నోబెల్ శాంతి బహుమతి లభించింది. ఆ సొమ్మును సహాయ కార్యాలకే ఇచ్చివేశారు.

ఇక ఆయనతో మేము ఏకీభవింపజాలని ఘట్టం. గ్రీసు, తుర్కీ యుద్ధం తరువాత లక్షలాది శరణార్థులను చూసి, రెండు దేశాల జనాన్ని మార్చుకొనడమే శాంతికి మార్గమని ఆయన సమర్థించారు. 1923లో లొజాన్ నగరంలో ఒప్పందమైనది. ఆర్థడాక్స్ క్రైస్తవులు దాదాపు 12 లక్షల మంది గ్రీసుకు, ముస్లిములు మూడున్నర లక్షలకు పైగా తుర్కీకి చెందినవారని నిర్ణయించారు. మతమే కొలబద్ద, వారి ఇష్టం అడిగిన వారు లేరు. తుర్కీ తప్ప మరొక భాష రాని క్రైస్తవులు గ్రీసుకు, గ్రీకు భాషే మాతృభాషగా గల క్రీటు ద్వీపపు ముస్లిములు తుర్కీకి పోయి, మాట తెలియని చోట పరాయివారై బ్రతికారు. అప్పటికే అధిక సంఖ్యాకులు పారిపోయి వచ్చారు గనుక వేరు మార్గం లేకపోయిందని ఆయన పక్షం వారు చెబుతారు. కావచ్చు. కాని ఒకే ప్రాంగణంలో ఉర్దూ, తెలుగు రెండూ వినబడే కళాశాలలో చదివే మేము, మనిషి ఇల్లు ఎక్కడున్నదో అతని ప్రార్థనను బట్టి నిర్ణయించే పద్ధతిని మెచ్చుకోలేము. 1947లో మన ఉపఖండం చవిచూసిన దానిని తలచుకొంటే మరీ మెచ్చుకోలేము.

కడపటి ప్రయత్నం ఆర్మీనియనులను గూర్చినది. ఊచకోతల నుండి బయటపడి ఇల్లు వాకిలి లేక తిరుగుతున్న వారిని సోవియట్ ఆర్మీనియాలో స్థిరపరచాలని 1925లో ఆయన ఆ దేశానికి వెళ్ళారు. సర్దారాబాద్ అనే ఎండు మైదానాన్ని కొలిపించారు. కాలువ త్రవ్వి నీరు పారిస్తే 36,000 హెక్టార్లు సాగుకు వచ్చి 15,000 మంది శరణార్థులకు బ్రతుకుతెరువు దొరకునని అంచనా. ఎండు నేలకు నీరు తెచ్చే పథకం కాగితంపై ఎంత అందంగా ఉండునో, నేలపైకి దిగడానికి ఎంత కాలం పట్టునో మా జిల్లావారికి ఎవరూ చెప్పనక్కరలేదు. నాన్సెన్ ఏటేటా సమితిలో ఆ ప్రస్తావన తెచ్చారు. ఏటేటా సొమ్ము లేదన్నారు. చివరకు పథకం అటకెక్కింది. ఉత్తర ధ్రువపు మంచు ఆయనను ఓడించలేదు. ఈ సభల చల్లదనం ఓడించింది.

1930 మే 13న, ఓస్లో శివారులోని తన గృహం పోల్‌హోగ్డాలో, 68వ ఏట నాన్సెన్ గుండె ఆగి మరణించారు. మే 17న, నార్వే రాజ్యాంగ దినోత్సవం నాడే, అంత్యక్రియలు జరిగాయి. ఇంటి ఆవరణలో ఒక చెట్టు క్రింద సమాధి. ఆయన పేరిట సమితి నెలకొల్పిన శరణార్థుల కార్యాలయానికి 1938లో నోబెల్ శాంతి బహుమతి లభించింది. 1954 నుండి ఐక్యరాజ్య సమితి శరణార్థి సంస్థ ఆయన పేర పురస్కారం ఇస్తున్నది.

పటం మూయబోతూ మేము మరొక పేరు చూశాము. 1895లో మంచు దాటి వస్తూ, నెలల తరబడి నేల కానరాక అలమటించిన నాన్సెన్‌కు ఫ్రాంజ్ జోసెఫ్ భూమి ఈశాన్యాన పొగమంచులో రెండు ద్వీపాలు కనిపించాయి. ఒకదానికి భార్య ఈవా పేరు, రెండవదానికి తాను బయలుదేరిన ఏట పుట్టిన కుమార్తె లివ్ పేరు పెట్టారు. తరువాతి వారు వెళ్ళి చూడగా అవి రెండు కావు, ఒకటే. నేటి పటాలలో అది ఈవా-లివ్ ద్వీపమనే పేరుతో ఉన్నది.